ఏ రెక్క విరిగింది?

"మీ బావ ఈ పొద్దు జడ్జి ముందర తప్పు ఒప్పుకుంటాడంటన్నా" అంది పక్కింటి షంషాద్‌బీ. "నిన్న జైలుకాడికి పోయి చూసొస్తి. ఇంక నువ్వు రావద్దు, కూడు తేవద్దు అన్నాడు. ఈ చెయ్యి ఒక మనిషిని చంపింది, దీంతో ముద్ద ఎత్తి నోట్లో పెట్టుకోలేను అన్నాడు."

ఆమె ఏడవడం లేదు. ఏడ్చి ఉంటే డిటెక్టివ్ పోతులయ్యకు ఇంత భయం వేసేది కాదు. పోలీసు ఉద్యోగంలో ఉన్నన్నాళ్ళూ అతను ఏడుపులు చాలా చూశాడు. ఏడ్చేవాళ్ళు ఎట్లాగో గట్టెక్కుతారు. ఇట్లా ఎండిన కళ్ళతో గోడకు ఆనుకుని కూర్చున్నవాళ్ళ ఇళ్ళలోనే రెండో శవం లేస్తుంది.

పోతులయ్య ఉద్యోగానికి రాజీనామా ఇచ్చి, హిందూపురంలో చింతపండు మండీ పైన గది తీసుకుని 'ప్రైవేట్ డిటెక్టివ్' అని బోర్డు కట్టి నాలుగేళ్ళయింది. ఆ బోర్డు చూసి వచ్చేవాళ్ళంతా పిల్లోడు తాగుతాడా, పేకాడతాడా కనుక్కోమనే పెళ్ళిబేరాలవాళ్ళే. దేవుడా, ఒక్క పెద్ద కేసు తగిలించు అని ఎన్నిసార్లు మొక్కుకున్నాడో లెక్కలేదు. తగిలింది. పక్కింటి గడపలోనే తగిలింది. తీరా తగిలాక అతనికి కాళ్ళూ చేతులూ ఆడడం లేదు.

కేసు చూడబోతే చిన్నదే. ఆ ఏడు వానలకు ధర్మవరం చెరువు నిండి మరవ పారింది, అంటే ఎక్కువైన నీళ్ళు అలుగు మీంచి కిందికి దూకాయి. పట్టుచీరల వ్యాపారి ఓబుళప్ప చెరువులో చేపలు గుత్తకు తీసుకుని, బెంగుళూరు నుంచి పాత మోటారు బోటు ఒకటి తెప్పించాడు. నీళ్ళలో మునిగిన తుమ్మ మొద్దు తగిలి దాని ప్రొపెల్లర్ రెక్క వంగింది. ప్రొపెల్లర్ అనే మాట ఆ చుట్టుపక్కల ఎవరికీ నోరు తిరగదు, ఫ్యాను అంటారు. మూడు రెక్కల సత్తు ఫ్యాను. సత్తు గిన్నెలకు మాట్లు వేసే షంషాద్‌బీ మొగుడు అమీర్‌సాబ్ దాన్ని హిందూపురంలో తన ఇంటి పెరట్లోనే బాగుచేసి ఇచ్చాడు. మొన్న ఆదివారం ఓబుళప్ప తమ్ముడు నరసింహులు ఆ బోటు వేసుకుని ఒక్కడే పోయాడు. నడిచెరువులో బోటు నిలబడిపోయింది. మరవ దాన్ని లాక్కుని కింది రాళ్ళ మీద పడేసింది. నరసింహులు శవమై తేలాడు. ఫ్యానుకు ఒక రెక్క లేదు. ఎస్సై అంజనప్ప మర్నాటి సాయంత్రానికల్లా అమీర్‌సాబ్‌కు బేడీలు వేశాడు.

జామీను దొరకని కేసు కాదు. షంషాద్‌బీ సొంత అన్న జామీను ఇస్తానని పరుగెత్తుకుంటూ వచ్చాడు కూడా. వద్దన్నది అమీర్‌సాబే.

"ఈ పొద్దంటే ఎన్ని గంటలకు?" అడిగాడు పోతులయ్య.

"మూడింటికి కోర్టుకు పిలుస్తారంట. ధర్మవరం జడ్జి సెలవులో ఉండాడని పెనుకొండ కోర్టులోనే."

"అయితే ఇట్ల కూర్చునేదానికి టైము లేదు. ఆ ఫ్యాను పని యాడ చేసినాడో చూపించు పద. మొదట్నుంచీ చెప్పు, ఒక్కటి కూడా ఇడిచిపెట్టొద్దు."

పెరట్లో చిన్న కొలిమి, పక్కన ఇసుక సంచి, దాని మీద చెక్క సుత్తి. షంషాద్‌బీ చేత్తో చూపిస్తూ చెప్పుకుపోయింది. ముందుగా బాగున్న రెక్కను అట్టముక్క మీద పెట్టి పెన్సిలుతో గీసుకున్నాడట. వంగిన రెక్క మీద సబ్బుతో గీత గీసి సెగ చూపించాడట. సబ్బు నల్లబడితే సత్తు మెత్తబడినట్టు. అప్పుడు ఇసుక సంచి మీద పెట్టి చెక్క సుత్తితో మెల్లగా సాగదీశాడట.

చెప్తూ చెప్తూ ఆమె ఆగిపోయింది.

"ఏం? ఆపినావేమి?"

"ఆ పొద్దు బట్టల సబ్బు అయిపోయిండెనన్నా. ఒంటి సబ్బు ముక్క ఇస్తి. అది ఎంతసేపటికీ నల్లబడలేదంట. ఎప్పటికంటే ఎక్కువ కాల్చినాను, రెక్క పెళుసైంది, అందుకే విరిగింది అని మీ బావ పట్టుకున్నాడు." ఆమె పోతులయ్య వైపు తిరిగింది. "సబ్బు ఇచ్చింది నేను గదన్నా? అంటే నేనే చంపినట్ల గదా?"

 కాదని చెప్పడానికి పోతులయ్య దగ్గర ఇంకా ఏమీ లేదు. ఉత్త ఓదార్పు మాట చెప్తే ఆమె మొహాన ఉమ్మినట్టే ఉంటుంది.

"ఆ తర్వాత?" అన్నాడు గట్టిగానే.

"రెక్క కొస గోరంత ముక్క ఎగిరిపోయిండె. సత్తుకు టాకా పట్టదు గదా, దాన్ని అతికేదానికి కాదు. ఆకురాయితో గుండ్రంగా రుద్ది నునుపు చేసినాడు. కడకు ఇత్తడి కడ్డీ కోసి పిన్ను ఒకటి కొత్తది చేసినాడు. పాతది అరిగిపోయిండె. ఆ పిన్నే ఫ్యానును ఇంజనుకు పట్టిస్తాదంట."

"ఆ పిన్ను ఎవరి చేతికి ఇచ్చినాడు?"

"ఫ్యాను తెచ్చింది మాత్రం చచ్చిపోయిన పిల్లోడే. తీస్కపోయేదానికి ఎవరొచ్చినారో నాకు తెలీదు. నమాజులో ఉంటి."

పోతులయ్య కొలిమి పక్కన గొంతుకూర్చుని బూడిద కెలికాడు. బూడిదలో చింతపండు పిప్పి ఎండిపోయి ఉంది. "ఇదేంది?"

"తోమినా. చింతపండు, బూడిద పెట్టి."

"బాగుచేసిన రెక్కనా?"

"అయ్యో, మూడింటినీ! మా ఇంట్లోంచి సామాను సగం నలుపు సగం తెలుపుగా గడప దాటదన్నా. మాటు వేసింది యాడో కనపడకూడదు. మా మామ కాలం నుంచీ అంతే."

ఆమె అది గొప్పకు చెప్పలేదు. పొయ్యి అలుకుతాం, వాకిలి ఊడుస్తాం అన్నట్టు చెప్పింది. పోతులయ్య మాత్రం లేచి నిలబడ్డాడు.

"ఆ గీసుకున్న అట్ట యాడ?"

గోడ గూట్లో నుంచి తెచ్చిచ్చింది. చెప్పుల డబ్బా అట్ట, రెక్క ఆకారంలో కత్తిరించి ఉంది. పోతులయ్య దాన్ని చొక్కాలో పెట్టుకుని, "నువ్వు బస్సులో పెనుకొండకు రా. కూడు కూడా కట్టుకో. తినిపించే పూచీ నాది" అన్నాడు. అన్న తర్వాత, ఆ పూచీ ఎవరిని చూసుకుని ఇచ్చానురా అని తనను తానే తిట్టుకున్నాడు.

పెనుకొండ సబ్ జైల్లో అమీర్‌సాబ్ అతన్ని చూసి లేవనైనా లేవలేదు. గడ్డం మాసిపోయింది. కుడిచేతిని ఒళ్ళో పెట్టుకుని, పరాయివాడి వస్తువును చూసినట్టు దాన్నే చూస్తున్నాడు.

"అమీరూ, ఒక్క మాట చెప్పు చాలు. ఆ ఇత్తడి పిన్ను ఎవరికి ఇచ్చినావు?"

"ఎవరికిస్తే ఏమి పోతులయ్యా? చేసింది నేను."

"విరిగింది నువ్వు చేసిన రెక్కేనని నీకెట్ల తెలుసు? కళ్ళతో చూసినావా?"

"ఇంగేది విరుగుతాది?" అమీర్‌సాబ్ నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు. "ఆ పిల్లోడు మా ఇంట్లో నీళ్ళు తాగిపోయినాడప్పా. బాగా చెయ్ అమీరన్నా, నాకు ఈత రాదు అని నవ్వినాడు. నా చెవుల్లో అదే మోగుతాంది. ఒప్పుకుంటే నాకు నిద్ర పడతాది. పో."

గోడవైపు తిరిగిపోయాడు. వార్డరు వచ్చి టైమైందన్నాడు. పోతులయ్యకు ఒళ్ళు మండింది. శత్రువు అబద్ధం ఆడితే పీక పట్టుకోవచ్చు. మనవాడే మెడకు ఉరి బిగించుకుని వదలనంటే ఏం చేస్తాం? ఈ మొండి మనిషిని కదిలించాలంటే ఒకటే దారి, విరిగింది నీ రెక్క కాదు అని ఋజువు తెచ్చి కళ్ళ ముందు పెట్టాలి. తన రాజ్‌దూత్ బండిని ధర్మవరం దోవ పట్టించాడు.

చెరువులో బోటు ఆగినప్పుడు ఒడ్డున ఉన్న ఒకే ఒక్క మనిషి శంకరమ్మ. కట్ట కింద బట్టలు ఉతుక్కుంటూ అంతా చూసింది. పోలీసులు ఆమెను ఏమీ అడగలేదట, ఆడమనిషికి ఇంజన్ల సంగతి ఏం తెలుస్తుందని.

"బోటు ఎట్ల ఆగిందమ్మా? దడదడా ఎగిరిపడిందా? వణికిందా?"

"లేదు నాయనా. బాగానే పోతాండె. ఉన్నట్టుండి ఆగిపోయింది. ఇంజను మాత్రం జుయ్యని ఒకటే మోత, ఎప్పటికంటే పెద్ద మోత. బోటు మాత్రం నీళ్ళలో పండుకున్న ఎనుముగొడ్డు మాదిరి ఉండిపోయింది. ఆ పిల్లోడు లేచి, చేతులూపి అరిచినాడు. మరవ దిక్కు పోతాండాది అని నేనూ అరిస్తి. ఎవరుండారు నాయనా వినేదానికి!"

"రెక్క విరిగిన చప్పుడు ఏమన్నా?"

"ఏ చప్పుడూ లేదు."

పోతులయ్య మనసులో లెక్క వేసుకున్నాడు. ఒక రెక్క ఊడితే మిగతా రెండూ ఉంటాయి. బోటు కుంటుతుంది, ఒళ్ళంతా వణుకుతుంది, అయినా ముందుకు పోతుంది. ఇంజను అరుస్తూ బోటు కదలకపోతే, ఫ్యాను అసలు తిరగడమే లేదన్నమాట. పోలీసులు పట్టుకున్నది తప్పు జబ్బు. రోగి చావకముందే ఆ సంగతి డాక్టరుతో ఒప్పించాలి.

ఒప్పించాల్సిన డాక్టరు ఎస్సై అంజనప్ప. ఇద్దరూ ఒకే బ్యాచ్‌లో ట్రైనింగ్ అయినవాళ్ళు. ఒకరు పైకొస్తే ఇంకొకరికి అన్నం సహించేది కాదు. పోతులయ్య ఉద్యోగం మానేశాక కూడా ఆ అజీర్తి ఇద్దరికీ తగ్గలేదు. స్టేషన్ వరండాలో బోటు ఇంజనును ఫ్యానుతో సహా బల్ల మీద పడుకోబెట్టి ఉంది. పక్కన కుర్చీలో ఓబుళప్ప. నలభై దాటిన మనిషి, తెల్లపంచె, తమ్ముడు పోయాడని గడ్డం గీసుకోలేదు.

"ఏమప్పా పోతులూ, పెండ్లి సంబంధాలు దొరకలేదా? ఇట్లొచ్చినావు" అన్నాడు అంజనప్ప.

"నీకు చూద్దామనే వచ్చినా. పిల్ల దొరికింది గానీ, పిల్లోడు ఇనప్పెట్టె మాదిరి మూసుకోనుండాడంట, ఏమడిగినా నోరు తెరవడంట."

"నవ్వులాటకు టైము లేదు. ఆ సామాను ముట్టుకోవద్దు, కోర్టు సొత్తు."

"చూస్తే అరిగిపోతాదా?"

పోతులయ్య వంగి చూశాడు. ఒక రెక్క మొదటికంటా పోయింది. మిగతా రెండూ షంషాద్‌బీ తోమినప్పటి మెరుపుతోనే ఉన్నాయి. వాటి వైపు చూస్తూనే అడిగాడు.

"అంజనప్పా, బోటు మరవ మీంచి యాడ పడింది?"

"రాళ్ళ మీద. అందరికీ తెలిసిందే గదా."

"రాళ్ళ మీద పడి ఒక రెక్క మొదలంటా విరిగిపోతే, పక్కనున్న రెండు రెక్కలకు గీత కూడా పడలేదే! చూడు. మొహం చూసుకోవచ్చు వీటిలో."

"రాళ్ళ మీద విరగలేదు. నీళ్ళలోనే విరిగింది, మాటు సరిగా వేయక. దాంతోనే కదా ఆ సాబును లోపలేసింది."

"సరే. నీళ్ళలోనే విరిగిందనుకుందాం." పోతులయ్య చొక్కాలోంచి అట్ట తీశాడు. "ఇది అమీరు బాగున్న రెక్కను చూసి గీసుకున్న కొలత. వంగిన రెక్క కొస గోరంత పోతే దాన్ని గుండ్రంగా అరగదీసినాడు. అది అతికేది కాదు, పెరిగేది కాదు. అంటే అమీరు బాగుచేసిన రెక్క ఈ అట్టకంటే కొసన గోరంత తక్కువుండాల. అవునా?"

 పోతులయ్య అట్టను ఒక రెక్క మీద పెట్టాడు. అంచుకు అంచు సరిపోయింది. రెండో రెక్క మీద పెట్టాడు. అన్నివైపులా సరిపోయి, కొస దగ్గర అట్ట గోరంత బయటికి మిగిలింది. ఆ మిగిలిన చోట రెక్క చక్కగా గుండ్రంగా ఉంది.

"ఇదిగో అమీరు రెక్క. కాల్చింది, కొట్టింది, సాగదీసింది ఇదే. మరవ మీంచి పడినా చెక్కు చెదరలేదు. విరిగిపోయింది అమీరు చెయ్యి పెట్టని రెక్క!"

కానిస్టేబుళ్ళు ఇద్దరు దగ్గరికొచ్చి తొంగి చూశారు. అంజనప్ప అట్ట లాక్కుని తనే పెట్టి చూశాడు. ఒకసారి పెట్టాడు, తిప్పి ఇంకోసారి పెట్టాడు. రెక్క మారలేదు, అట్టా మారలేదు.

"ఎవరో ఈ రెక్కను కావాలనే విరగ్గొట్టినారు" అన్నాడు పోతులయ్య. "బోటు దొరికిన తర్వాత, నువ్వు స్వాధీనం చేసుకునే లోపల. నేరం మాటు వేసినోని మీదికి తోయాలంటే, మాటు వేసిన రెక్కే విరగాల. కానీ ఏది మాటు వేసిందో వానికి తెలిస్తే కదా! సత్తు పని చేసే ఇంటి ఆడమనిషి మూడింటినీ ఒక్క తీరుగా తోమి పంపింది. ఎంత కండ్లు చించుకొని చూసినా కనిపెట్టలేక, ఏదో ఒకటి పట్టుకుని విరిచినాడు. గుడ్డోడు రాయి విసిరినట్ల."

ఓబుళప్ప అప్పుడు గొంతు సవరించుకున్నాడు. "బోటును ఆ రేయి మా షెడ్డులోనే పెట్టినాం. ఎవరెవరో వచ్చినారు, పోయినారు. ఆ ఏడుపులో ఎవరు ఏం చేసినారో నాకెట్ల తెలుస్తాదప్పా?"

"నేనేమీ మీ పేరు ఎత్తలేదే" అన్నాడు పోతులయ్య.

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్న సామెత అక్కడున్న అందరికీ గుర్తొచ్చి ఉంటుంది. అంజనప్పకు మాత్రం ఇంకా పంతం. "రెక్క విరగకపోతే మరి బోటు ఎందుకు ఆగింది? అది చెప్పు ముందు."

పోతులయ్య ఫ్యానును వేలితో ఒక్క తోపు తోశాడు. గిర్రున తిరిగింది. లోపలి ఇనుప కడ్డీ కదల్లేదు. "చూసినావా? పట్టు లేదు. ఇంజనుకూ దీనికీ సంబంధమే తెగిపోయింది. నువ్వు దీన్ని ఒక్కసారన్నా తిప్పి చూసింటే ఆ మనిషి జైల్లో ఉండడు."

ఫ్యాను కొసనున్న టోపీ లాంటి మూత విప్పి, కడ్డీకున్న పిన్ను బెజ్జంలోకి సూది పెట్టి పొడిచాడు. ఇత్తడి ముక్క రావాలి. తడిసి ఉబ్బిన వెదురు ముక్క వచ్చింది. అరచేతిలో పెట్టి అంజనప్పకు చూపించాడు. వెదురు పుల్ల పెడితే బోటు ఒడ్డు నుంచి కదులుతుంది, కొంచెం దూరం పోతుంది కూడా. నడిచెరువులో, గట్టిగా వేగం పెంచినప్పుడు పుటుక్కున తెగుతుంది.

"తమ్ముడే పెట్టుకోనుంటాడు" అన్నాడు ఓబుళప్ప, గొంతు ఏమాత్రం తడబడకుండా. "వానికి ఏ పనికైనా తొందరే. పిన్ను యాడో పడిపోయింటాది, చేతికి దొరికిన పుల్ల పెట్టుకుని పోయింటాడు."

జవాబు బాగుంది. మరీ బాగుంది. పోతులయ్యకు కోపం నషాళానికి ఎక్కింది, ఎక్కకూడని చోట ఎక్కింది. మంచి డిటెక్టివ్ అక్కడ నోరు మూసుకోవాలి. అతను మూసుకోలేదు.

"అమీర్‌సాబ్ కొత్త ఇత్తడి పిన్ను చేసి ఒకరి చేతికి ఇచ్చినాడు. ఎవరి చేతికి ఇచ్చినాడో భూమ్మీద ఆయప్ప ఒక్కనికే తెలుసు. ఇప్పుడే పెనుకొండకు పోతా. విరిగింది నీ రెక్క కాదురా అని చెప్తా. ఆ మాట చెవిన పడితే అమీరు నోరు తెరుస్తాడు, ఆ పేరు చెప్తాడు. అప్పుడు తమ్ముడే పెట్టుకున్నాడో, తమ్మునికి పెట్టినారో తేలుతాది."

 ఓబుళప్ప లేచి పంచె సర్దుకుని, ఇంట్లో చుట్టాలు ఉండారని ఎస్సైకి చెప్పి మెల్లగా మెట్లు దిగిపోయాడు. పోతులయ్య కూడా బయల్దేరబోతుంటే అంజనప్ప చెయ్యి అడ్డం పెట్టాడు.

"యాడికప్పా? కోర్టు సొత్తులోంచి సాక్ష్యం పెరికినావు. పంచనామా రాయాల. నువ్వు సంతకం పెట్టాల."

"మూడింటికి వాడు జడ్జి ముందర నిలబడతాడు అంజనప్పా! ఒప్పుకుంటే మళ్ళా వెనక్కి తీసుకునేదానికి ఉంటుందా?"

"రైటరు భోంచేసేదానికి పోయినాడు. రానీ."

పోతులయ్య బతిమాలాడు, తిట్టాడు, ట్రైనింగ్ నాటి స్నేహం ఎత్తాడు. అప్పుడూ స్నేహం లేదు గనక అది పనిచేయలేదు. రైటరు తీరిగ్గా, తాంబూలం వేసుకుని వచ్చాడు. వెదురు ముక్క పొడుగు ఎంత, రంగు ఏమిటి అని ప్రతి అక్షరం చెక్కినట్టు రాశాడు. పోతులయ్య సంతకం పెట్టి బండెక్కేసరికి రెండున్నర దాటింది.

రైల్వే గేటు పడి ఉంది. ఏ జన్మలో ఏ పాపం చేశానో అనుకుంటూ పోతులయ్య బండి దిగాడు. గేటు పక్కన టీ అమ్ముకునే ఎర్రప్ప అడక్కముందే గ్లాసు పట్టుకొచ్చాడు.

"ఓబుళప్ప ఇల్లు ఇటేనా అన్నా?" అడిగాడు పోతులయ్య, ఏదో ఒకటి కనుక్కుందామని.

"ఇల్లు ఊర్లో కదన్నా ఉండేది. ఇట్ల కాదు. ఆయన కారు మాత్రం ఇట్లే పోయింది, చాలాసేపాయె. పెనుకొండ దిక్కు." ఎర్రప్ప నిట్టూర్చాడు. "పాపం, ఆ నరసింహులు. పెండ్లి ముచ్చట తీరకనే పోయినాడు. వచ్చే నెలలో ముహూర్తం. పెండ్లైతే మగ్గాలు భాగాలు పంచిస్తా అని అన్న ఎన్నేండ్లుగానో చెప్తా ఉండె. ఇప్పుడు పంచే పనే లేకపాయె."

గ్లాసు పోతులయ్య చేతిలోనే ఉండిపోయింది. ఇంట్లో చుట్టాలున్నారని చెప్పిన మనిషి పెనుకొండకు ఎందుకు పోయినట్టు? గేటు లేవడంతోనే అతను బండిని దూకించాడు. దోవ పొడుగునా తన నోటిని తనే తిట్టుకుంటూ పోయాడు. చంపాల్సిన సాక్షి పేరు, ఊరు, టైముతో సహా హంతకుడికి విడమరిచి చెప్పిన డిటెక్టివ్ ఈ రాయలసీమలో తనొక్కడే అయి ఉంటాడు. ఇంకా నయం, జైలు గోడలున్నాయి. జైల్లో ఉన్నవాణ్ణి ఎవరేం చేయగలరు? ఆ ఒక్క మాటను పట్టుకునే పెనుకొండ దాకా వచ్చాడు.

సబ్ జైలు ముందర షంషాద్‌బీ ఎదురొచ్చింది. ఆమె మొహం చూసి పోతులయ్య ఆశ్చర్యపోయాడు. పొద్దున ఎండిపోయి ఉన్న కళ్ళ నిండా నీళ్ళు, నీళ్ళతోనే నవ్వుతోంది.

"ఒప్పుకోలేదన్నా! మీ బావ ఒప్పుకోలేదు. విడిచిపెట్టినారు!"

"ఎవరు విడిచిపెట్టినారు? ఎట్ల?"

"ఆ ఓబుళప్ప ఎంత మంచోడన్నా! సొంత తమ్ముడు పోయినా లాయరును పిలుచుకొని వచ్చి, తనే జామీను ఇచ్చినాడు. మొదట మీ బావ వద్దే వద్దన్నాడు. అప్పుడు ఆయన చెవి దగ్గర ఏదో చెప్పినాడు. ఎవరెన్ని చెప్పినా లేవని మనిషి దిగ్గున లేచినాడు చూడు!"

పోతులయ్య ఆమె రెండు భుజాలూ పట్టుకున్నాడు. పట్టుకున్నానన్న సంగతి కూడా అతనికి తెలియలేదు. "ఏం చెప్పినాడు షంషాదూ? యాడ అమీరు?"

"ఆయన కార్లోనే పోయినాడన్నా, అరగంట అయింటాది. నేనూ వస్తానంటే, నువ్వు బస్సులో ఇంటికి పోమ్మా, చీకటి పడే లోపల ఇంటికాడ దింపుతాను అన్నాడు ఓబుళప్ప." ఆమె కళ్ళు తుడుచుకుంది. "ధర్మవరం చెరువు కట్ట మీద నరసింహులు పెండ్లాం దీపం పెడతాదంట ఈ పొద్దు. ఆయమ్మ కాళ్ళ మీద పడి మాఫీ అడుక్కో, ఆయమ్మ సరే అంటే నీ పాపం పోతాది, రా అన్నాడంట. దానికే లేచినాడన్నా. కూడు కూడా ఇస్తి చేతికి. ఆయమ్మ మాఫీ చేస్తే తింటాను అన్నాడు."

 ఓబుళప్ప కారు పోతులయ్యకు ఎదురుగానే వచ్చి, తనను దాటుకునే పోయి ఉంటుంది. తను తన నోటిని తిట్టుకుంటూ వచ్చాడు గానీ ఏ కారులోకీ తొంగి చూడలేదు.

"ఏమన్నా? ఏమట్ల చూస్తాండావు?"

"నరసింహులుకు పెండ్లే కాలేదమ్మా."

షంషాద్‌బీకి వెంటనే అర్థం కాలేదు. నవ్వు మొహం మీద అట్లాగే ఉంది. "అయితే ఆ కట్ట మీద దీపం పెట్టేది ఎవరన్నా?"

"ఎవరూ లేరు. ఆడ నీళ్ళే ఉండాయి."

పోతులయ్య కిక్కు కొట్టాడు. మొదటిసారి బండి అందుకోలేదు. రెండోసారి కొట్టేలోపల ఆమె బురఖా అంచు మడిచి పట్టుకుని, ఒక్క మాట మాట్లాడకుండా వెనక ఎక్కి కూర్చుంది.